ఎడమ పెడలు మీది చెక్క

మా ఇంట్లో సైకిళ్ళు పదకొండు. తొక్కేవాళ్ళు లేరు. నాకు మోకాళ్ళ నొప్పులు. మా ఆవిడ జ్ఞానప్రసూన వాటి వంక చూడటం మానేసి పదేళ్ళయింది. పదకొండింటిలో నాలుగింటికి చైన్లు లేవు, రెండింటికి సీట్లు లేవు, ఒకదానికి ముందు చక్రమే లేదు. మిగిలినవి మాత్రం చూడ్డానికి పెళ్ళికొడుకుల్లా ఉంటాయి. పెళ్ళికొడుకుల్లాగే ఊరేగింపుకు తప్ప దేనికీ పనికిరావు.

నా పేరు భీమశంకరం. భోపాలపట్నం బజార్లో మాది బట్టల కొట్టు. మా తాత గోదావరి అవతలి నుంచి నెత్తి మీద మూటతో వచ్చాడు. మా నాన్న దశరథరామయ్య ఆ మూటను కొట్టు చేశాడు. నేను కొట్టు వెనక పెరడంతా తుప్పు సామాను చేశాను. వంశం ఎటు పోతోందో చెప్పడానికి ఇంతకంటే వివరం అక్కర్లేదనుకుంటాను.

ఈ పిచ్చి నాకు నలభయ్యో ఏట పట్టింది. పొట్ట తగ్గాలంటే సైకిలు తొక్కమని ఒక డాక్టరు చెప్పాడు. మద్దేడ్‌లో రిటైరైన బడిపంతులు దగ్గర ఒక పాత సైకిలు కొన్నాను. తొక్కితే కిర్రుమంది. ఆ కిర్రు ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని విప్పాను. మళ్ళీ బిగించడానికి ఆరు నెలలు పట్టింది. బిగించాక మూడు మరలు మిగిలాయి, కిర్రు మాత్రం ఎక్కడికీ పోలేదు. పీట మీద కూర్చుని చక్రాలు తిప్పుకున్న ఆ ఆరు నెలల్లో పొట్ట ఇంకో రెండంగుళాలు పెరిగింది.

ఆ తరవాత ఇక ఆగలేదు. జగదల్‌పూర్‌కు సరుకు కోసం వెళ్ళి, సరుకు మరిచిపోయి, పాత ఇనుము కొట్ల వెంట తిరిగి వచ్చేవాణ్ణి. ఒకసారి కోంటలో చుట్టాల పెళ్ళికి వెళ్తూ ఉంటే తోంగ్‌పాల్‌లో బస్సు టీకి ఆగింది. రోడ్డు పక్కన పశువుల కొట్టం చూరుకు ఒక పాత డైనమో వేలాడుతూ కనబడింది. బేరమాడి, విప్పించి, కాగితంలో చుట్టించుకుని వచ్చేసరికి బస్సు లేదు. బస్సులో మా ఆవిడ ఉంది. పెళ్ళికి ఆమె వెళ్ళింది, నేను డైనమోతో మర్నాడు వెళ్ళాను. ఆ పెళ్ళి ఫోటోల్లో నేను ఎక్కడా లేను. ఆ డైనమో మాత్రం ఇప్పటికీ ఉంది, వెలగదు.

బాగుచేయడంతో సరిపెట్టుకుంటే కొంత నయం. మెరుగుపరిచేవాణ్ణి. పోస్టుమాన్ సీతారాములు బ్రేకులు పట్టడం లేదని సైకిలు తెచ్చి ఇస్తే, పట్టడమంటే ఎలా ఉంటుందో చూపిద్దామనుకున్నాను. మర్నాడు అతను బజారు మలుపులో బ్రేకు నొక్కాడు. సైకిలు ఆగింది, సీతారాములు ఆగలేదు. ఊళ్ళో సగం మంది ఉత్తరాలు ఆ రోజు మురిక్కాలవలో తడిశాయి. భీమశంకరం బాగుచేసిన సైకిలు స్టాండు వేసి నిలబెడితే చాలా బాగుంటుందని అప్పట్నుంచి ఒక మాట పుట్టింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు నేను పట్టించుకోలేదు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది మీ యవ్వారమని మా ఆవిడ అన్నా అంతే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ దాన్ని తప్పించుకుని తిరుగుతున్నానని మీకు అర్థమయ్యే ఉంటుంది.

హిడ్మా అనే దొర్ల తెగ రైతు ఉండేవాడు. తర్లగూడ దారిలో వెళ్తూ రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు అడవిలోకి నడిస్తే వాళ్ళ ఊరు. కాలాన్ని బట్టి ఇప్పపువ్వో చింతపండో సంతకు తెచ్చేవాడు. సైకిలు మీద అతను, వెనక క్యారేజీ మీద భార్య లక్మే, ఆమె ఒళ్ళో మూట. అలా ముప్ఫై ఏళ్ళు వచ్చారు. ఆ సైకిలు ఇంగ్లండుది. బస్తర్ రాజ్యం దేశంలో కలిసిన కొత్తలో ఒక ఫారెస్టు రేంజరుకు బదిలీ అయిందట. వానాకాలం, ఏరు పొంగి ఉంది. సైకిలు దాటించడం కష్టమని, నెల్లాళ్ళు తన పెట్టెలు మోసిన హిడ్మా తండ్రికి దాన్ని వదిలేసి పోయాడట. హ్యాండిలు కింద ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద రెక్కలున్న చక్రం. గొలుసును పూర్తిగా మూసే డబ్బా. సీటు కింద నా బొటనవేలంత లావు స్ప్రింగులు. అలాంటిది మా తహసీలు మొత్తం మీద ఇంకొకటి లేదు.

హిడ్మా ఎడమ కాలు పొట్టి. చిన్నప్పుడు చెట్టు మీంచి పడితే విరిగి, అలాగే అతుక్కుంది. మూడంగుళాల తేడా. పెడలు అందదు కదా, అందుకని తండ్రి ఏగిస మాను చెక్క చెక్కి ఎడమ పెడలు మీద రెండు బోల్టులతో బిగించాడు. నేల మీద కుంటే మనిషి ఆ సైకిలెక్కితే తిన్నగా పోయేవాడు. సంతలో దిగేదాకా కొత్తవాళ్ళకు అతని కాలు సంగతి తెలిసేది కాదు.

ఆ సైకిలు నాకిమ్మని ఇరవై ఏళ్ళు అడిగాను. బదులుగా కొత్తది ఇస్తానన్నాను, తరవాత రెండు ఇస్తానన్నాను. చివరికి పరువు వదులుకుని, ఒక్కసారి ఎక్కి బజారు చివరిదాకా తొక్కి తెస్తానన్నాను. హిడ్మా నవ్వేవాడు.

“నీకు నడవదు సావుకారీ. అది నా కాలు చూసి నడుస్తది” అనేవాడు.

పెరట్లో అన్ని సైకిళ్ళు పెట్టుకున్న నాకు సైకిలు నడవదనడం అవమానంగా ఉండేది. కనీసం ఆ చెక్కన్నా తీసేయి, బండి అందం చెడగొడుతోందని సలహా ఇచ్చేవాణ్ణి. ఒక కుంటివాడికి చెప్పాల్సిన సలహా అది కాదని నాకు తట్టేది కాదు.

తరవాత హిడ్మాకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. మూడేళ్ళు సంతకు రాలేదు. లక్మే నడిచి రోడ్డు దాకా వచ్చి, జీపెక్కి వచ్చేది. మా బస్తర్ కొత్త రాష్ట్రంలోకి వచ్చిన రెండో ఏడు, చలికాలంలో ఒక పొద్దున, కొట్టు తెరవగానే వాళ్ళ ఊరివాళ్ళు ముగ్గురు గుడ్డ కోసం వచ్చారు. ఎవరికని అడగాల్సిన పని లేదు. దొర్లవాళ్ళలో మనిషి పోతే చుట్టాలంతా తలా ఒక కొత్త గుడ్డ తెచ్చి కప్పుతారు. అందుకని చుట్టుపక్కల ఏ ఊళ్ళో చావయినా ముందు మా కొట్టుకే తెలుస్తుంది.

చావుగుడ్డ కొలవడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మా నాన్న పెట్టింది. బేరం ఉండదు. గజం కొలిచాక ఇంకో జానెడు వదిలి అప్పుడు కత్తెర వెయ్యాలి. మిగతా గుడ్డల విషయంలో ఆయన మరీ హరిశ్చంద్రుడేం కాదు, ఒక దారం పోగు కూడా ఎక్కువ పోనిచ్చేవాడు కాదు. కానీ చావుగుడ్డ దగ్గర ఒకే మాట చెప్పేవాడు.

“బతికున్నోనికి తక్కువైతే మళ్ళొచ్చి అడుగుతడు. చచ్చినోడు రాడు. అందుకే వానికి ఎక్కువ కొలవాలె.”

ఆ రోజు నేను కూడా జానెడు వదిలే కొలిచాను. కొలిచి, నా తరఫున ఒక గుడ్డ చించుకుని, వాళ్ళతోపాటే బయల్దేరాను. హిడ్మా అంటే నాకు ఇష్టమే. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఎడమ చేతిలో గుడ్డ పట్టుకుని బయల్దేరినప్పుడు కుడి జేబులో పానా కూడా వేసుకున్నాను.

సైకిలు ఇంటి వెనక చూరు కింద ఉంది. తుప్పు పట్టి, టైర్లు చీలికలై, హ్యాండిలుకు మేకను కట్టేసి ఉంది. అందరూ హిడ్మాను చూస్తున్నారు, నేను మేకను చూస్తున్నాను. గుడ్డ కప్పి ఇవతలికి వచ్చాక లక్మే నా దగ్గరికి వచ్చింది. నా చూపు ఎక్కడుందో ఆమె కనిపెట్టిందని నాకు అర్థమైంది.

“అది నీకు రాదు సావుకారీ. ఆయనతోటే పోతది” అంది. “ఎండల్ల రాయి నిలబెడ్తం. ఆయన వాడుకున్నయన్నీ ఆడ పెడ్తం. గొడ్డలి, గొడుగు, సైకిలు. కని అది నడవాలె. నడవని బండి పెడితే ఆయన దేని మీద పోతడు? మూడేండ్ల సంది మంచం మీదికెంచి ఒకటే మాట, ఒక్కసారి సైకిలెక్కి సంతకు పోవాలని. నువ్వు చేసి పెట్టు. ఇంకెవరికీ చేతకాదు.”

ఇంకెవరికీ చేతకాదన్న మాట నాలోకి నెయ్యిలా దిగింది. ఊళ్ళో ఎవరూ ఆ మాట అని ఎరగరు. సరేనన్నాను. మేకను నేనే విప్పాను.

వాళ్ళ పద్ధతి నాకు తెలియనిది కాదు. రోడ్డు వెంట వెళ్తుంటే ఆ రాళ్ళు కనబడుతూనే ఉంటాయి. వాటి దగ్గర చిల్లు కుండలు, చిరిగిన గొడుగులు, పోయినవాళ్ళవి. ఎవరూ ముట్టరు. అక్కడే ఎండకు ఎండి, వానకు తడిసి పోతాయి. అంటే నా పని ఏమిటి? ఇరవై ఏళ్ళు కలగన్న సైకిలును నా చేతులతో పెళ్ళికూతుర్ని చేసి చెదపురుగులకు అప్పగించడం.

మూడు నెలలు పని చేశాను. కొట్టులో కూర్చున్నది తక్కువ. కిరసనాయిలు, చింతపండు గుజ్జు పెట్టి తుప్పు తోమాను. హబ్బులు విప్పి గుండ్లు కడిగితే యాభై ఏళ్ళ కిందటి గుండ్లు చీమ కన్నుల్లా మెరిశాయి. చక్రాల బెండు తీశాను. మసి కింద నల్లరంగు, ఆ రంగు మీద వెంట్రుకంత సన్నటి బంగారు గీత బయటపడిన రోజు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పెళ్ళినాడు కూడా మీకు ఇన్ని నీళ్ళు రాలేదని మా ఆవిడ అంది.

ఆ గీత చూశాకే నా బుద్ధి వంకర పోయింది. ఇంత మంచి వస్తువును అడవిపాలు చెయ్యడం పాపం కాదా అనిపించింది. దాన్ని కాపాడటం నా ధర్మం అనుకున్నాను. మనిషికి ధర్మం ఏ సమయంలో గుర్తొస్తుందో గమనించండి. హిడ్మాకు కావలసింది నడిచే సైకిలు. నడిచే సైకిలు ఏదైతేనేం? అలా అనుకుని, నా మొదటి సైకిలు, ఆ మద్దేడ్ పంతులుగారిది, బయటికి తీశాను. దానికీ అదే నలుపు వేశాను. అదే బంగారు గీత లాగాను. గొలుసు డబ్బా రేకుతో చేయించాను. ఇత్తడి బిళ్ళ ఒక్కటే చిక్కు. దాన్ని సబ్బుబిళ్ళ మీద అచ్చు తీసి జగదల్‌పూర్ పట్టుకెళ్ళాను. అక్కడ మైనం అచ్చులతో కంచు బొమ్మలు పోసే గంగా అనే పనివాడు నాకు తెలుసు. రెండోది ఎందుకని అడిగాడు. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని చెప్పాను. అతను పోసిన బిళ్ళ అసలుదానికంటే బాగుంది. రెక్కల్లో ఈకలు కూడా వచ్చాయి.

కాబట్టి మా పెరట్లో కవలలు తయారయ్యాయి. అసలుదాన్ని వెనక గదిలో తాటిపత్రి పట్టా కింద దాచాను. దాని ఎడమ పెడలు మీది చెక్క అప్పటికే ఊడదీసి పారేశాను. కంపెనీవాడు పెట్టింది కాదు కదా, మచ్చ పోయిందనుకున్నాను. నకిలీదాన్ని కొట్టు ముందు నిలబెట్టాను. కిర్రుమనడం కూడా పోయింది. ఇరవై ఏళ్ళకు పైగా పట్టుబడని ఆ కిర్రు, దొంగతనానికి పూనుకోగానే దొరికింది.

రాయి నిలబెట్టే రోజుకు రెండు రోజుల ముందు సంత పడింది. లక్మే వచ్చింది. సైకిలు చుట్టూ తిరిగింది. హ్యాండిలు పట్టుకుంది, బెల్లు కొట్టింది, బిళ్ళ మీద చెయ్యి పెట్టి తుడిచింది. ఎంత బాగుందో అంది. నా గుండె కుదుటపడింది. తరవాత ఆమె వంగి, ఎడమ పెడలు దగ్గర కూర్చుంది.

“చెక్క ఏది సావుకారీ?”

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఒక మాట అడిగితే నేను పది చెప్పాను. అది కంపెనీది కాదన్నాను, బండి బరువు ఒక పక్కకు లాగుతోందన్నాను, ఇప్పుడే దీనికి అసలు రూపం వచ్చిందన్నాను. ఆమె అన్నీ విన్నది.

“బండికి రూపమొచ్చింది, మంచిదే. మరి ఆయన కాలెట్ల అందుతది?”

నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. చనిపోయినవాళ్ళకు కాళ్ళు బాగవుతాయి కదా లక్మక్కా అన్నాను.

“నీకెవరు చెప్పిన్రు?” అంది ఆమె. వెటకారం కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను బెల్లు తుడవడం మొదలుపెడితే తనే అంది, “ఆడ గూడ ఆయన ఆయనే గద. కాలు పొట్టిగనే ఉంటది. ఎక్కరాకపోతే నెట్టుకుంటనే పోవాలె. ఊపిరాడనోడు, అంత దూరం ఎట్ల నెడతడు?”

పెడలు ఒకసారి చేత్తో తిప్పి చూసింది. తరవాత లేచి, నువ్వు తెలిసినోనివి, నువ్వు ఇట్ల ఉండాలంటే ఇట్లనే కావచ్చు అంది. కొడుకు మంగ్లూను పంపనా అంటే నేనే తెస్తానన్నాను. ఖాళీ గంప చంకన పెట్టుకుని జీపుల వైపు వెళ్ళింది. ఇప్పపువ్వు అమ్ముకోవడానికి వచ్చిన మనిషి ఏమీ కొనుక్కోకుండా వెళ్ళిపోయిందని ఆమె పోయాక గమనించాను.

జ్ఞానప్రసూన గల్లా దగ్గరే కూర్చుని ఉంది. తాటిపత్రి కింద ఏముందో ఆమెకు తెలుసు. లక్మే ఉన్నంతసేపూ చిల్లర లెక్కపెట్టింది. నేను లోపలికి వచ్చి, చెక్క ఒకటి చెక్కి ఈ సైకిలుకు బిగిస్తే సరిపోతుంది, అరగంట పని అన్నాను.

“ఏందీ, దీనికే బిగిస్తరా?” అంది. “చావుగుడ్డకు జానెడు ఎక్కువ కొలిచే ఇల్లు ఇది. మీరేమో చచ్చిపోయినాయనకు బండే మార్చి ఇస్తుండ్రు. మామయ్య ఉంటే మిమ్మల్ని గజంబద్దతోటి కొలిచేటోడు.”

నాకు చాలా కోపం వచ్చింది. సైకిలు గురించి నీకేం తెలుసని అరిచాను. అరిచి పెరట్లోకి పోయి, తాటిపత్రి తీసి, అసలుదాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను. బంగారు గీత అలాగే ఉంది. ఇరవై ఏళ్ళు కోరుకున్నది ఎదురుగా ఉంటే ఎంత సంతోషంగా ఉండాలి. నాకు మాత్రం పొట్టికాలు మనిషి ఒకడు దగ్గుకుంటూ, ఆయాసపడుతూ సైకిలు నెట్టుకుంటూ పోతున్నట్టే కనబడింది. సైకిలు పక్కన కుంటుతున్నాడు. దాని మీద ఎక్కిన ప్రతిసారీ కుంటు పోయే మనిషిని నేలకు దించింది నేనే. ఆ మాట అనుకున్నాక అక్కడ కూర్చోలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే చెక్క కోసం వెతకడం మొదలుపెట్టాను. పాత సామాను డబ్బాలో లేదు. చెత్తలో లేదు. పెరడంతా తవ్వాను. మరలు, వాల్వు ట్యూబులు, తోంగ్‌పాల్ డైనమో, ఎప్పుడో మిగిలిపోయిన ఆ మూడు మరలు, అన్నీ దొరికాయి, చెక్క తప్ప. మధ్యాహ్నం దాకా చూసి మా ఆవిడ, కొట్లో చీరల అల్మారా కాలు కింద చూడమంది. నేను పారేసిన రోజే ఆమె ఏరి తెచ్చి, ఊగుతున్న అల్మారాకు ఎత్తు పెట్టిందట. మూడు నెలలుగా నా వీపు వెనకే ఉంది.

వంగి లాగాను. చెక్క వచ్చింది, దాని వెంట అల్మారా కూడా వచ్చింది. నలభై చీరలు, రెండు తాన్ల లంగా గుడ్డ నా మీద పడ్డాయి. వాటి కింద నుంచి చెయ్యి ఒక్కటే బయటపెట్టి, దొరికిందని కేక వేశాను. కొనుగోలుకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు బయటికి పరుగెత్తారు.

ఆ చెక్కను నేను అంతకు ముందు సరిగ్గా చూడలేదు. పైభాగం గిన్నెలా అరిగి ఉంది. చెప్పుల్లేని కాలు నలభై ఏళ్ళు తొక్కితే పడిన గుంట. బొటనవేలు ఎక్కడ, మడమ ఎక్కడ, అన్నీ తెలుస్తున్నాయి. అందం చెడగొడుతోందని నేనన్నది దీన్నే. ఆ రెండు బోల్టులకే నూనె రాసి, చెక్కను అసలు సైకిలు ఎడమ పెడలు మీద మళ్ళీ బిగించాను. ఇన్నేళ్ళలో నేను ఏ మరా మిగల్చకుండా చేసిన పని అదొక్కటే.

తెల్లవారి సైకిలును జీపు మీద వేయించుకుని రోడ్డు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నాలుగు కిలోమీటర్లు నెట్టుకుంటూ నడిచాను. ఎక్కలేదు. దాన్ని పశ్చాత్తాపం అనుకోకండి, అడవిదారిలో పడితే లేపేవాళ్ళు లేరని. దారంతా ఒకటే ఆలోచన. మొన్న చూపించింది కూడా ఇదేనని చెప్పి, చెక్క ఒక్కటి బిగించానని ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. ఆ మాట నోట్లో పెట్టుకునే ఊళ్ళోకి అడుగుపెట్టాను.

డోళ్ళు మోగుతున్నాయి. మంగ్లూ, ఇంకో పదిమంది, కర్రలకు కట్టిన పెద్ద రాయిని భుజాల మీద ఎత్తుకుంటున్నారు. లక్మే ఎదురొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. ముందు పెడలు చూసింది. చెక్క మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. ఆమె ఏమీ అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేవాణ్ణేమో. అడగకపోయేసరికి ఆ అబద్ధం చెప్పలేకపోయాను.

“లక్మక్కా, మొన్న నీకు చూపించింది ఇది కాదు. అది వేరేది. దీన్ని నేనుంచుకుందామనుకున్న” అన్నాను.

పక్కన ఉన్న ముసలామె మాసే, లక్మే ఆడబిడ్డ, నన్ను తలనుంచి కాళ్ళ దాకా చూసింది. లక్మే చెక్క మీది గుంటను వేళ్ళతో తుడిచింది.

“మొన్ననే చెప్పకపోతివి” అంది. “రెండు దినాల సంది కన్ను మూస్తే చాలు, నెట్టుకుంట పోతుండు.”

తిడితే బాగుండేది. తిట్లకు నేను అలవాటుపడిన మనిషిని. కళ్ళు దించుకుని టైర్లలో గాలి చూస్తున్నట్టు నటించాను. గాలి బాగానే ఉంది.

రాయి కదిలింది. డోళ్ళవాళ్ళు ముందు, రాయి తరవాత, వెనక జనం. రాళ్ళు నిలబెట్టే చోటు ఊరి చివర, ఒక ఫర్లాంగు ఉంటుంది. నేను సైకిలు నెట్టబోతుంటే లక్మే ఆపింది. నెట్టేది లేదంది. సంతకెట్ల పోయేదో అట్లనే పోవాలంది. కొడుకు రాయి మోస్తున్నాడు. ఆమె వచ్చి క్యారేజీ మీద ఒక పక్కకు కూర్చుంది.

“ఎక్కు సావుకారీ. ఇరవై ఏండ్లు అడిగినవ్ గద.”

ఎక్కాను. ఎడమ పాదం ఆ గుంటలో పెట్టాను. నా కాళ్ళు రెండూ సమానం. కాబట్టి ఎడమ పెడలు పైకి వచ్చినప్పుడల్లా మోకాలు పొట్టకు తగులుతోంది. తప్పించుకోవడానికి ఒళ్ళంతా ఒక పక్కకు వంచి లేపాలి, మళ్ళీ దింపాలి. తొక్కుతున్నంతసేపూ ఎగుడు దిగుడు, ఎగుడు దిగుడు. నీకు నడవదు సావుకారీ అని ఎందుకన్నాడో మొదటి పది గజాల్లోనే తెలిసింది. పిల్లలు పక్కపక్కనే పరుగెడుతూ నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వారు. బట్టల సావుకారి పంచె ఎగ్గట్టుకుని, సైకిలు మీద కూర్చుని కుంటుతున్నాడు. నవ్వరా మరి?

కొంత దూరం పోయాక నవ్వు తగ్గింది. ఎందుకు తగ్గిందో నాకు తెలియలేదు. మాసే కొంగు నోట్లో కుక్కుకుని నా ఎడమ భుజం వంకే చూస్తోంది. ఆ భుజం లేస్తోంది, పడుతోంది. అప్పుడు తెలిసింది. హిడ్మా సైకిలు దిగి మా కొట్టు మెట్ల దాకా నడిచివచ్చే నడక అది. ముప్ఫై ఏళ్ళు ఊరంతా చూసిన నడక. అదే ఇప్పుడు నా ఒంట్లోకి వచ్చింది. నేను ఆపాలన్నా ఆగదు, ఆ చెక్క ఆగనివ్వదు.

వెనక లక్మే తమ దొర్లీ భాషలో ఏదో అంది. చిన్న మాట, మెల్లగా పొమ్మనో, గుంత ఉంది చూసుకొమ్మనో, దారిలో భర్తకు చెప్పే మాట. నాతో కాదు. నేను మాత్రం మెల్లగా తొక్కాను. ఆ ఫర్లాంగు ఇంకొంచెం పొడుగుంటే బాగుండుననిపించింది. మోకాళ్ళు విరిగిపోతున్నా అనిపించింది.

రాయిని గుంటలో నిలబెట్టి మట్టి కూరారు. మంగ్లూ గొడ్డలి, గొడుగు తెచ్చి దాని దగ్గర పెట్టాడు. లక్మే క్యారేజీ మీంచి దిగింది. నేను ఇంకా సీటు మీదే ఉన్నాను. అలవాటు చొప్పున చెయ్యి హ్యాండిలు నట్టు మీదికి పోయింది, కాస్త బిగిద్దామని. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“చాలు. ఇగ దిగు సావుకారీ” అంది. “ఆయన ఎక్కాలె.”

దిగాను.